మా ఇంటి షుగర్ మిషను

ఫిజీలో, బా అనే ఊళ్లో బడి మాస్టరుగా రిటైరైన ఏడాది నేను షుగర్ మిషను కొన్నాను. నా భార్య కాంత ఇన్సులిన్ తీసుకుంటుంది. సూది వేసుకునే ముందు రోజూ రక్తం చూసుకోమని డాక్టరు చెప్పాడు. మిషను చౌకగానే వచ్చింది. దానిలో పెట్టే స్ట్రిప్పులు ఆస్ట్రేలియా నుంచి వస్తాయని, ఒక స్ట్రిప్పు ఒక్కసారికే పనికొస్తుందని కొన్నాక తెలిసింది. తొంభై ఎనిమిది జనవరిలో ప్రభుత్వం ఫిజీ డాలరు విలువ తగ్గించింది. తర్వాతి డబ్బా ధర విని, జీవితమంతా లెక్కలు చెప్పినవాణ్ని, షాపువాణ్ని మళ్లీ అడిగాను.

ఆ డబ్బా కాంతకోసం. ఆదివారం నేను దాన్ని ఇంటి వెనక షెడ్డులోకి తెచ్చాను.

ఆదివారాలు అక్కడ మత్తెక్కించే యంగోనా వేరు రసం కలిపిన గిన్నె చుట్టూ కూర్చుంటాం. కొబ్బరి చిప్పతో ముంచిచ్చింది తాగినవాడు నోటి చేదు పోవడానికి ఒక లాలీ బిళ్ల చప్పరిస్తాడు. వచ్చినవాడికి చిప్ప లేదనడం మాలో లేదు. మిషనును కూడా అలాగే తిప్పాను. మా మిషను లెక్కలో ఆరు, ఏడు దాకా మామూలు. పక్క పొలం మునియ్యకు పదిహేడు వచ్చింది. క్యారియర్ బండి నడిపే సతేంద్రకు పంతొమ్మిది. ఇద్దరికీ జబ్బని తేల్చి, టీలో చక్కెర మాన్పించాను. మరుసటి ఆదివారం చూస్తే తగ్గలేదు. అన్నం కూడా తగ్గించమన్నాను. నన్ను డాక్టర్‌జీ అనసాగారు. నేను వద్దనలేదు.

మూడో ఆదివారానికి రెండు స్ట్రిప్పులు మిగిలాయి.

ఆ సాయంత్రం కాంత మాకోసం లకడీ మిఠాయి పిండి పుల్లలను పాకంలో దొర్లిస్తున్నదల్లా, ఒంట్లో బాగాలేదని వచ్చి కూర్చుంది. సూది వేసుకునే వేళ. అందరి ముందూ ఆమె వేలు గుచ్చాను. ఇరవై రెండు. ఇన్సులిన్ రెండింతలు వేసుకోమన్నాను.

ఆమె చేతులు వణుకుతున్నాయి.

"ఇట్లా వణికితే నాకి షుగర్ తక్కువ. ఎక్కువ కాదు," అంది.

"మిషన్ చెప్తా ఉంది కదా."

కాంత తన వేళ్లు చూసుకుంది. పాకం అంటుకుని ఉంది. వెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చి, రెండో స్ట్రిప్పు అడిగింది.

అప్పటికే మునియ్య వేలు చాచి ఉన్నాడు. అతనికిస్తానని మాటిచ్చాను. అతిథి. నేను ఆలోచించాను. ఆలోచించాల్సిన విషయం కాదు.

"భైయా, చెయ్యి తీయి," అంది కాంత. "ఇది ఆఖరిది. ఈ డాక్టర్ మాట విని సూది వేసుకుంటే, వచ్చే ఆదివారం మీరు నా కర్మకి కూర్చుంటారు."

మునియ్య చెయ్యి తీశాడు. కాంతకు రెండున్నర వచ్చింది. కాంత గిన్నె పక్కనున్న లాలీలు రెండు నోట్లో వేసుకుంది. ఆమె వణుకు తగ్గేదాకా ఎవరూ చిప్ప ముట్టలేదు. సతేంద్ర తన వేలికి అంటిన లాలీ కాగితం పీకి, ఆ జిగట వేలు చూసుకున్నాడు.

"మాస్టర్, మాకి బీమారీ ఉందా, లేదా?" అన్నాడు మునియ్య. డాక్టర్‌జీ పోయింది.

చేతులు కడుక్కుని చూస్తే తెలుస్తుందన్నాను. చూడమన్నాడు. స్ట్రిప్పులు లేవన్నాను.

"చక్కెర లేకుండా ఫీకా చాయ్ తాగించినావు కదయ్యా," అన్నాడు సతేంద్ర.

సోమవారం ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. సతేంద్రకు ఏమీ లేదు. మునియ్యకు ఉంది. నేను ముందే చెప్పానని అనబోయి, కాంత ముఖం చూసి, స్ట్రిప్పులు కొనడానికి బయల్దేరాను.

కొత్త డబ్బా ధరలో సగం మునియ్య పెట్టుకున్నాడు. పొద్దున్నే వస్తాడు. కాంత వేలు గుచ్చే సూది మార్చి, తనకూ అతనికీ చూస్తుంది. వాళ్ల చేతుల మీద నీళ్లు పోసే పని నాకిచ్చారు.