నాలుగు శాతం

"అమ్మా, నన్నో నాలుగు శాతం తగ్గించవా?" అంది మా అమ్మాయి ఫోనులో, కూరలో కారం తగ్గించమన్నంత మామూలుగా.

నేను స్టూడియో వెనుక గదిలో కంప్యూటర్ ముందు ఉన్నాను. ముందు గదిలో మా ఆయన ఎవరికో పాస్‌పోర్టు ఫొటో తీస్తూ "గడ్డం కొంచెం పైకెత్తు బాబూ, అంతొద్దు" అంటున్నాడు. నా ఎదుట తెర మీద మా అమ్మాయీ, కాబోయే అల్లుడూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. నిజానికి వాళ్లు అలా నిలబడలేదు. ఇద్దరివీ వేరు వేరు ఊళ్లలో ఉద్యోగాలు. ఎవరి ఫొటో వారు పంపారు. పెళ్లి హాలు గుమ్మంలో పెట్టే పెద్ద ఫ్లెక్సీ బోర్డు కోసం వాళ్లను ఒకచోటికి చేర్చింది నేను.

ఈ పని తెలియనివారికి ఒక సంగతి చెప్పాలి. ఫొటోలోని మనిషిని చుట్టూ కత్తిరించి విడదీస్తే అదొక పొర అవుతుంది. మేము లేయర్ అంటాం. దాన్ని మౌస్‌తో పట్టుకుని ఇంకో ఫైల్‌లోకి లాగినప్పుడు, ఆ మనిషి తన బొమ్మలోని రంగు చుక్కలన్నీ, అంటే పిక్సెల్స్ అన్నీ, తానే మోసుకుని వస్తుంది. కొత్త చోటు ఎంత పెద్దదో, అక్కడ ముందే ఎవరున్నారో తనకు తెలియదు. పెద్ద కెమెరాతో తీయించుకున్నవారు ఫ్రేమంతా నిండిపోతారు. ఫోనులో దిగినవారు ఒక మూల బొమ్మలా మిగులుతారు. అప్పుడు మూలలు పట్టుకుని ఒకరిని కుదించాలి, లేదా ఒకరిని సాగదీయాలి. ఎవరి ఎత్తు ఎంతో ఫొటో చెప్పదు, కలిపేవాళ్లే తేల్చాలి. ఇంకొకటి కూడా ఉంది. కుదించి ఎంటర్ నొక్కగానే, మిగిలిపోయిన చుక్కలను కంప్యూటర్ పారేస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో మనసు మారి పెంచితే మనిషి పెద్దదవుతుంది గానీ ముఖం అలుక్కుపోతుంది. పోయిన కనురెప్పలు తిరిగి రావు.

నేను కళ్లారా చూసిన ఎత్తులే పెట్టాను. ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చి వెళ్తున్నప్పుడు ఇద్దరూ గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకున్నారు. మా అమ్మాయి తల అతని తలకంటే మూడు వేళ్లు పైకి ఉంది. తెర మీదా అంతే ఉంచి, చూడమని ఇద్దరికీ పంపాను.

"అతనేమన్నా అన్నాడా?" అని అడిగాను.

"ఛ, తనేం అనలేదమ్మా. తను అలాంటివాడు కాదు. వాళ్లమ్మగారే... అంటే ఆవిడా అడగలేదనుకో. నవ్వారంతే. 'గుమ్మంలోనే అందరికీ తెలిసిపోతుందేమోనమ్మా' అన్నారు. పోనీలే అనిపించింది. నీకు క్షణం పనేగా."

"నీకు బాగుంటుందా అలా?"

"నాకేముంది? బోర్డు మీద బొమ్మే కదా, నేను కాదుగా."

బొమ్మే కదా. ఈ మాట నాకు కొత్త కాదు. స్టూడియోకి కంప్యూటర్ వచ్చిన కొత్తలో, దాని మీద నేను నేర్చుకున్న మొదటి పని నన్ను నేను తగ్గించుకోవడం. పెళ్లికి ముందు వేరే స్టూడియోలో బ్రష్షుతో ఫొటోలు దిద్దేదాన్ని కనుక, ఈ పనీ నా చేతికే వచ్చింది. మా ఆయన మా పెళ్లి ఫొటో తెర మీదికి తెప్పించి, "గోడకి పెట్టేది కదా, నిన్ను నువ్వు కొంచెం కిందికి దించుకో. బొమ్మేగా, నువ్వు కాదుగా" అన్నాడు. దించాను. ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పాప పుట్టినప్పటి ఫొటో, కొత్త ఇంటి ముందు ఫొటో, మరిది పెళ్లి ఆల్బమ్, దేనిలోనైనా నన్ను కత్తిరించి వేరే ఫైల్‌లో కుదించి తెచ్చి, ఆయన భుజం దగ్గర అతికించేదాన్ని. "మా ఆవిడ చెయ్యి పడిందంటే అతుకు కనబడదు" అని ఆయన కస్టమర్ల ముందు మురిసిపోయేవాడు.

"మావాడేం పొట్టివాడు కాదమ్మా, నువ్వే అతి చేశావు" అనేవారు మా అత్తగారు, నేనేదో పట్టుబట్టి పెరిగినట్టు. మరిది నన్ను నిచ్చెన వదిన అనేవాడు. "అటక మీద డబ్బా దించాలా? మనకి నిచ్చెనెందుకు, వదినుందిగా!" ఇంటిల్లిపాదీ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అటక మీద సామాను, ఫ్యాను రెక్కలు, కిటికీ పై చువ్వల దుమ్ము, మాడిపోయిన బల్బులు, ఇలా నా ఎత్తుకు ఆ ఇంట్లో పని లేని రోజు లేదు. ఫొటోలో మాత్రం చోటు లేదు.

వంటగట్టు మా అత్తగారి ఎత్తుకు కట్టించినది. నాకు నడుముకు బాగా కిందికి ఉంటుంది. కూరలు తరగాలన్నా, పక్కనే సింకులో గిన్నెలు తోమాలన్నా మెడా వీపూ వంచాలి. కాపురానికి వచ్చిన కొత్తలో, కాస్త ఎత్తు పెంచిద్దామా అని అడిగాను. "ఒక్క మనిషి కోసం గట్టు పగలగొడతారా ఎవరన్నా? కొంచెం వంగితే పోయేదానికి!" అన్నాడు మా ఆయన. అత్తగారు పోయారు. మరిది వేరుపడ్డాడు. గట్టు అలాగే ఉంది.

"సాయంత్రం దాకా ఆగు. నీకో ఫొటో పంపుతాను. అది చూశాక కూడా తగ్గించమంటే తగ్గిస్తాను" అని అమ్మాయికి చెప్పి ఫోను పెట్టేశాను.

బోర్డు కింది భాగంలో తల్లిదండ్రుల ఫొటోలు కూడా ఉండాలి. పొద్దున్నే బేరాలు మొదలుకాకముందు మా ఆయనను నిలబెట్టి తీసేశాను. ఇక నాది తీయాలి. ఈసారి ఒక్క చుక్క కూడా తగ్గించకూడదని నిశ్చయించుకున్నాను. మా ఇంట్లో నేను నా ఎత్తున ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. కుదించిన వాటినే దాచి అసలువి చెరిపేస్తూ వచ్చాను. మా అమ్మాయి అమ్మను ఫొటోల్లో ఎన్నడూ నిజంగా చూడలేదు. మీ నాన్న పక్కన మీ అమ్మ ఇంత ఎత్తు, చూడు, కొంపలేమీ మునగలేదు అని చూపించడానికి నాకు ఒక్క సాక్ష్యం కావాలి.

ఆయన భోజనానికి ఇంటికి వెళ్లగానే కెమెరాకు టైమర్ పెట్టాను. పొద్దుట పెట్టిన స్టాండును కదపలేదు. నేల మీద టేపుతో రెండు గుర్తులు వేసి ఉన్నాయి, ఒకటి ఆయనది, ఒకటి నాది. నా గుర్తు మీద నిలబడ్డాను. ఒకే కెమెరా, ఒకే దూరం. ఇలా తీసినప్పుడు ఎవరినీ కుదించే పని ఉండదు. షిఫ్ట్ నొక్కి ఉంచి లేయర్‌ను లాగితే, మనిషి తన ఫొటోలో ఎక్కడ నిలబడిందో పక్క ఫైల్‌లోనూ సరిగ్గా అక్కడే వచ్చి నిలబడుతుంది.

లాగాను. వచ్చి నిలబడ్డాను.

నా తల ఆయన చెవి దగ్గర ఉంది.

పొరపాటున ఏదో నొక్కి ఉంటానని ఆ లేయర్ తీసేసి మళ్లీ తెచ్చాను. అక్కడికే వచ్చింది. ఆయన ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నాడేమోనని పాదాల దగ్గర బొమ్మను పెద్దది చేసి చూశాను. రోజూ వేసుకునేవే. లేచి వెళ్లి మడమలు గోడకు ఆనించి, వీలైనంత నిటారుగా నిలబడ్డాను. వీపు ఆనింది. తల ఆనలేదు. తలకూ గోడకూ మధ్య నా అరచెయ్యి దూరింది.

డాక్టరును అడిగితే వయసు అంటాడు. వయసు మా ఇద్దరికీ వచ్చింది. గట్టు దగ్గర నిలబడ్డది మాత్రం నేను. ఇంట్లో అద్దంలో నా పక్కన ఎవరూ ఉండరు కనుక నాకు తెలియలేదు. పోయినేడు అటక అందనప్పుడు భుజం నొప్పి అనుకున్నాను.

భోజనం చేసి వచ్చిన మా ఆయన నా కుర్చీ వెనుక నిలబడి తెర చూశాడు. "ఆ, ఇదీ! ఎంత కుదించావేంటి ఈసారి? ఎంత సహజంగా ఉందో!"

"కుదించలేదండీ."

"మరీ మంచిది, పని తప్పింది" అని ముందు గదిలోకి వెళ్లిపోయాడు.

మాట ఇచ్చాను కనుక ఆ ఫొటోనే అమ్మాయికి పంపాను. వెంటనే ఫోను చేసింది, నవ్వుతూ. "బాగుంది వరస! నిన్ను నువ్వు ఎంచక్కా నాన్న చెవి కిందికి దించుకుని, నాకు మాత్రం నీతులు చెప్తావేం?"

"నేను ముట్టుకోలేదు."

"ఊరుకోమ్మా. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా, నీ చెయ్యి నాకు తెలీదూ?"

"ఒకే కెమెరాతో, ఒకే చోట తీసినవమ్మా. తెచ్చి పెట్టానంతే."

నవ్వు ఆగింది. "అదేంటి? నా చిన్నప్పుడు నువ్వు చిన్న పీటెక్కి ఫ్యాను తుడిచేసేదానివిగా?"

"ఇప్పుడు నిచ్చెన కొన్నాం."

    మా అమ్మాయి గొంతు తగ్గించి, పక్క గదిలో ఎవరో వింటారన్నట్టు అంది. "వాళ్లింట్లో కూడా గట్టు కిందికే ఉందమ్మా. మొన్న వెళ్లినప్పుడు కప్పులు కడుగుతూ చూశాను."

ఎవరి కప్పులని నేను అడగలేదు. పెళ్లికి ముందే నువ్వెందుకు కడిగావనీ అడగలేదు. తగ్గించమని తను మళ్లీ అనలేదు. వద్దనీ అనలేదు. "ఉంటానమ్మా" అని పెట్టేసింది.

వాళ్లిద్దరి ఫైల్ తెరిచాను. అమ్మాయి చుట్టూ మూలలు పట్టుకునే గుర్తులు వెలిగాయి. ఈ బోర్డు పెళ్లి రోజు సాయంత్రం దాకా గుమ్మంలో ఉంటుంది, తర్వాత మడిచి ఎక్కడో పడేస్తారు. గట్టు ఉంటుంది. అది నాకు తెలుసు. తెలిసే మౌస్ మీది నుంచి చెయ్యి తీసి, గుర్తులు ఆరిపోనిచ్చి, మా అమ్మాయిని తన ఎత్తున, బోర్డు అచ్చువేసే ప్రెస్సుకు పంపాను.