చుక్కలైపోయిన పేరు

వైరస్సులు పట్టి తమ నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లూ గంటకోసారి మొరాయిస్తుంటే, షైనీ పంతం పట్టి అన్నింట్లోనూ విండోస్ తీసేసి, వైరస్సులు అంతగా పట్టని లినక్స్ వేసింది. తండ్రి వరప్రసాదం అడ్డు చెప్పలేదు.

"శుక్రవారం చూద్దాం. ఆడవాళ్లు దీన్ని వాడలేకపోయేరనుకో, శనివారం పొద్దున్నే పాతది వేయించేస్తాను" అన్నాడు అంతే.

గల్ఫులో శుక్రవారం సెలవు. భర్తలతో మాట్లాడుకోవడానికి మలికిపురం చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఆ రోజే సెంటరుకు వస్తారు. వాళ్ల కోసం షైనీ వారమంతా కూర్చుని తెర మీద అక్కర్లేనివన్నీ తీసేసింది. పెద్ద తెలుగు అక్షరాలతో 'మాట్లాడండి', 'ఫొటోలు' అని రెండే బొమ్మలు ఉంచింది. ఎవరి ఫొటోలు వాళ్లకే కనపడేలా ఒక్కొక్కరికీ వేరే ఖాతా పెట్టింది. మరిచిపోకుండా ఉంటారని పాస్‌వర్డుగా భర్త పేరు పెట్టి, కాగితం మీద రాసిచ్చింది.

శుక్రవారం ముందుగా ముత్యాలు వచ్చింది, అత్తగారు వరహాలమ్మను వెంటబెట్టుకుని. భర్త గంగరాజు కువైట్‌లో డ్రైవరు. కాగితం చూస్తూ ఒక్కో అక్షరం వెతికి నొక్కిన ముత్యాలు, మూడో అక్షరం దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుని లేచి నిలబడింది.

"ఏమైందక్కా, కష్టంగా ఉందా?"

"నాకొద్దులే షైనీ."

వరహాలమ్మ అందుకుంది. "కష్టమేం కాదమ్మా. మొగుడి పేరు నోటితోనే చెప్పదిది. నువ్వు చెప్పేవని చేత్తో కొడితే ఆ పేరు కాస్తా నల్ల చుక్కలైపోతోంది. మనిషేమో సముద్రం అవతలున్నాడు. దడగా ఉండదా?"

బెంచీ మీద వంతు కోసం కూర్చున్న నలుగురూ తమ కాగితాలు మడిచి సంచుల్లో పెట్టేసుకున్నారు. వరప్రసాదం కూతురి వైపు చూశాడు.

ఇల్లంతా సర్దిందే గాని గుమ్మం సంగతి చూసుకోలేదని షైనీకి అప్పుడు తట్టింది.

"రెండు నిమిషాలండీ" అని పాస్‌వర్డులు తీసేసింది. ముత్యాలు పర్సులోని పెళ్లి ఫొటో అడిగి తీసుకుని స్కానర్ మీద పెట్టింది. ఇప్పుడు మొదటి తెర మీద టైపు చేయాల్సిందేమీ లేదు. బిగుసుకుని పక్కపక్కన నిలబడ్డ పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఉన్నారు.

"దీన్ని నొక్కడమేనా?" అని అడిగింది ముత్యాలు.

"ఆయ్, అంతేనండి."

"ఇంకెవరైనా నొక్కేస్తేనో?"

"ఇంతమంది చూస్తుండగా పరాయి మొగుణ్ణి ఎవత్తి నొక్కుద్దే" అంది వరహాలమ్మ. బెంచీ అంతా నవ్వింది.

ముత్యాలు ఫొటో నొక్కింది. 'మాట్లాడండి' నొక్కింది. కాసేపటికి హెడ్‌ఫోను చెవికి అదుముకుని, తెర వైపు తిరిగి, "భోంచేసేరా?" అంది.

షైనీ తండ్రి కోసం చూసింది. వరప్రసాదం బెంచీ దగ్గర నిలబడి చెయ్యి చాపి ఉన్నాడు. "ఫొటోలు ఇలా ఇవ్వండమ్మా. తేనివాళ్లు ఓసారి ఇంటికెళ్లి పట్రండి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం" అంటున్నాడు.