కాళ్ళు కడిగిన నీళ్ళు

కట్టంగూరులో పొద్దుగూకితే ఎవరి వాకిట్లో వాళ్ళు కాళ్ళు కడుక్కుంటారు. ఊరివాళ్ళ కాళ్ళ నుంచి ఎర్రమట్టి నీళ్ళు పోతాయి. బయటి నుంచి వచ్చినవాళ్ళకు, చెప్పులేసుకున్నా సరే, సొంతూరి మట్టే కారుతుంది. బెజవాడ దిక్కు నుంచి వచ్చి రోడ్డు మీద చాయ్ హోటల్ పెట్టుకున్న వెంకటయ్యకు మొదట్లో నల్లరేగడి నీళ్ళు కారేవి. కొడుకు సైదులు పుట్టిన యేడు అవి ఎర్రబడ్డాయి. పక్కింటి నర్సింగమ్మ చూసి, "ఇగ నువ్వు మావోనివైనవన్నా" అని నవ్వింది కూడా.

సైదులు పెద్దవాడై నల్గొండలో జవాను నౌకరీకి దరఖాస్తు పెట్టాడు. సర్కారు నౌకరీలు ఇక్కడివాళ్ళకే, అంటే ముల్కీలకే. ఇంటిపెద్ద కాళ్ళ నీళ్ళు పదిహేనేళ్ళుగా ఎర్రగా ఉండాలి, ఇరుగుపొరుగు ఆ మాట చెప్పాలి. విచారణకొచ్చిన రెవెన్యూ ఆఫీసు గిర్దావరు నర్సింగమ్మను అడిగాడు.

అదే నౌకరీకి ఆమె కొడుకు లింగస్వామి కూడా పెట్టుకున్నాడు. తండ్రి లేని పిల్లవాణ్ణి గొర్లమ్మి చదివించింది.

"మొన్న మొన్ననే ఎర్రబడ్డయి సారూ" అంది. నోరు జారిందని తర్వాత సర్దిచెప్పుకుంది గానీ, జారలేదు. కావాలనే అంది. గిర్దావరు వెంకటయ్యను ముల్కీ కాదని రాసుకుపోయాడు.

ఆ సాయంత్రం ఆమె కాళ్ళ నుంచి నల్లనీళ్ళు కారాయి. పుట్టి బుద్ధెరిగి ఆమె బెజవాడ దిక్కు పోలేదు. బూడిదేసి, పీచుతో చర్మం లేచేలా రుద్దినా నలుపు పోలేదు. హోటల్ ముందు నుంచి నడిచే మొహం లేక చేల వెంట చుట్టు తిరిగి పోయేది.

లింగస్వామి విచారణకు గిర్దావరు మళ్ళీ వచ్చాడు. ఆమె కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు పోయించి చూశాడు.

"ఏ ఊరమ్మా మీది?"

నర్సింగమ్మ కాళ్ళు చీర అంచు కింద దాచుకుంది. వెంకటయ్యే హోటల్ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"మా ఊరామేనండీ. నేను వచ్చేనాటికే ఇక్కడుంది."

"నువ్వే బయటోనివి. నీ సాక్ష్యం చెల్లదు."

"ఆయన ముల్కీయే సారూ!" నర్సింగమ్మ ఏడ్చేసింది. "సైదులు పుట్టినేడే ఎర్రబడ్డయి. నా కొడుకు కోసం నేనే అబద్ధమాడిన."

గిర్దావరు ఆమె కాళ్ళకేసి మరోసారి చూశాడు. "నీ మాట గూడ చెల్లదమ్మా" అని సైకిలెక్కాడు. నౌకరీ ఇంకో ఊరి పిల్లవాడికి పోయింది.

"నన్ను తిట్టన్నా" అంది నర్సింగమ్మ, హోటల్ ముందు నిలబడి. "ఇద్దరు పోరగాండ్ల నోట్ల మన్ను గొట్టిన. కడుపార తిట్టు."

వెంకటయ్య ఆమెకు బల్ల చూపించి, గ్లాసులో చాయ్ పోశాడు.

"కొత్తగ వచ్చినోళ్ళను తిడతరా చెల్లె? కూసో."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. అందుకే ఆమె ఆ చాయ్ తాగలేకపోయింది.