ఒకే ఒర

ప్రతి మంగళవారం పొద్దున వంటిల్లు సర్దేశాక పెద్దకోడలు కత్తుల గది తాళం తీస్తుంది. కిటికీ తెరిచి, నూలు చేతి తొడుగులు వేసుకుంటుంది. చాకులు, బాకులు, కత్తులు కలిపి మొత్తం నలభై మూడు. ఒర వదలని ఒక్కటి తప్ప, ఒక్కొక్కదాని మీది పాత నూనె తుడిచి, గుడ్డ మీద కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసుకుని, పిడి నుంచి మొన దాకా ఒకే వైపుకు రాస్తుంది. ఎక్కువైతే దుమ్ము పడుతుంది, తక్కువైతే తుప్పు. వట్టి వేలు తగిలిందా, మూడో రోజుకి వేలిముద్ర ఎర్రగా తేలుతుంది. ఇదంతా మామగారి పద్ధతి. ఆయన పోయి మూడేళ్ళయినా పద్ధతి తప్పలేదు.

ఆ కత్తులకు ఇంకో గుణం ఉంది. ఇంట్లో ఎవరైనా పోట్లాడుకుంటే వాటంతటవే ఒరల్లోంచి బయటికొస్తాయి. చిన్న చిరాకుకు చాకులు గోరంత జరుగుతాయి. అన్నదమ్ములు అరుచుకుంటే బాకులు బెత్తెడు వస్తాయి. అత్తగారు ఉన్న రోజుల్లో గదిలోకి తొంగిచూసి "బాకులొచ్చాయర్రా, ఇక చాలించండి!" అని కేకేసేది. మామగారేమో "ఎలాగూ వచ్చాయిగా" అంటూ నూనె సీసా అందుకునేవారు. గోడకున్న పొడుగు కత్తి మాత్రం చేత్తో లాగితే రాదు. మహా గొడవ జరిగితే జానెడు వచ్చేది, అంతకు మించి ఎన్నడూ రాలేదు. ఆ ఇంట్లో అందరూ సగం మాట అని సగం మింగేవాళ్ళే. అందుకే దాని మొన చూసినవాళ్ళు లేరు.

ఈ మూడేళ్ళలో ఆ జానెడైనా వచ్చింది లేదు. తోడికోడళ్ళు పోట్లాడుకుంటే కదా! "ఎంత సఖ్యతో!" అని వీధంతా మెచ్చుకునేది. సఖ్యతా కాదు, పాడూ కాదు. "పాలొచ్చాయి", "తలుపేశాను" తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని అత్తగారు వీళ్ళను చూసి ఎప్పుడో అనేసింది.

ఇప్పుడు ఊళ్ళో కొత్తగా కట్టిన ప్రదర్శనశాల ఆ కత్తులన్నిటినీ అడిగింది. చూసుకునే ఉద్యోగం కూడా ఇంటివాళ్ళకే ఇస్తానంది. శుక్రవారం అధికారి వస్తాడు. ఒక్కటి ఒరలో బిగుసుకుపోయి ఉన్నా, వీళ్ళకి చూసుకోవడం రాదని రాసి వేరేవాళ్ళను పెడతాడు. పెద్దకోడలు ఈ వయసుకి మొదటిసారి ఒక ఉద్యోగం మీద ఆశపడింది. తోలు ఒరలో మూడేళ్ళుగా మగ్గుతున్న పొడుగు కత్తి తుప్పుతో అతుక్కుని ఉంది. నూనె పోసింది. వేడి గుడ్డ చుట్టింది. భర్త గోడకు కాలు తన్నిపెట్టి లాగి, వెల్లకిలా పడ్డాడు. కత్తి ఉలకలేదు, పలకలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె మేడెక్కింది. చిన్నకోడలు బట్టలు మడతపెడుతోంది.

"చెల్లీ, నాతో కాస్త పోట్లాడతావా?"

"ఇప్పుడా అక్కా? దేని గురించి?"

"కుళాయి సరిగ్గా కట్టవంటాను. నువ్వు ఎదురు చెప్పు. పొడుగు కత్తి రావాలి."

ఇద్దరూ కిందికొచ్చి కత్తుల గదిలో ఎదురెదురుగా నిలబడ్డారు.

"కుళాయి సరిగ్గా కట్టవు!"

"కట్టకపోతే ఏంటట?"

"ఏంటటేంటి? నీళ్ళు పోతున్నాయి!"

పళ్ళు కోసే చాకు కూడా కదల్లేదు. చిన్నకోడలు పక్కున నవ్వి, బల్ల మీద వంకరగా ఉన్న బాకును సరిచేయబోయింది.

"ముట్టుకోకు! నీది చెమట చెయ్యి!"

అనేశాక పెద్దకోడలు నాలుక కరుచుకుంది. అప్పటికే బల్ల మీద చాకులన్నీ టపటపా జరిగాయి.

"మళ్ళీ అదే మాట," అంది చిన్నకోడలు. "మామయ్య పోయిన వారానికే నా చేతిలోంచి తాళంచెవి లాక్కుని ఇదే మాటన్నావు. రెండేళ్ళు ఆయన మంచంలో ఉంటే ఈ చేత్తోనే మందు పట్టాను. ఆయన పడుకుని చెప్తుంటే ఈ చేతికే తొడుగేసుకుని అన్నిటికీ నూనె రాశాను. అప్పుడు ఏ కత్తికి తుప్పు పట్టిందక్కా? చెప్పు!"

బాకులు బెత్తెడు వచ్చాయి.

"పట్టలేదు!" అని పెద్దకోడలూ అరిచింది. "దేనికీ పట్టలేదు. నాకు కుళ్ళు, అంతే! ఈ ఇంటికి ముందొచ్చింది నేను, ఆయన పిలిచేది నిన్ను. నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడేదాన్ని. ఏ నూనె, ఎన్ని చుక్కలు, ఏ వైపుకి రాయాలి, అన్నీ నీకు చెప్తుంటే చాటుగా విని నేర్చుకున్నాను!"

"అడిగితే నేను నేర్పేదాన్ని కదా!"

"అడగడానికి నోరు రావాలిగా!"

ఇద్దరూ ఏడుస్తూనే అరుచుకున్నారు. గోడ మీద కిర్రుమంది. కత్తి జానెడు జరిగింది, మూరెడు జరిగింది, ఆగలేదు. మొత్తం బయటికొచ్చి నేల మీద పడింది. ఖంగుమన్న చప్పుడు రెండుసార్లు వినిపించింది.

నేల మీద రెండు కత్తులున్నాయి. ఒక్కోదానికి ఒక వైపు పలకలా చదును. ఆ చదునైన వైపులు ఆనుకుని ఒకే ఒరలో ఉండేట్టు ఎవరో జంటగా చేయించారు. పిడి మీది నిలువు గీతను పగులనుకుని మామగారు ఏటా మైనంతో నింపుతూ వచ్చారు. బయటి వైపులు ఎర్రగా తుప్పుపట్టాయి. ఒకదాన్నొకటి ఆనుకున్న వైపులు మాత్రం నిన్న సానపట్టినట్టు మెరుస్తున్నాయి.

పెద్దకోడలు తన తొడుగుల జతలోంచి కుడి చేతిది తీసి చెల్లెలి ముందు పెట్టింది. చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని దాన్ని వేసుకుంది. ఉక్కు పీచు నూనెలో ముంచి, చెరొకటి పట్టుకుని సాయంత్రం దాకా తుప్పు రుద్దారు.

"నీకెన్ని చుక్కలని వినబడిందక్కా?"

"రెండు."

"మూడు. మూడోది మామయ్య మెల్లిగా అనేవారు."

శుక్రవారం వచ్చిన అధికారి అన్నీ చూశాడు. జాబితాలో నలభై మూడు కొట్టేసి నలభై నాలుగు వేశాడు. "ఇతర వివరాలు" అన్నచోట "గొడవలప్పుడు వాటంతటవే బయటికి వస్తాయి" అని రాసుకున్నాడు. తర్వాత ప్రదర్శనశాల నుంచి తెచ్చిన ఉద్యోగ ఉత్తర్వు తీసి, "సంరక్షకురాలు ఎవరమ్మా?" అని అడిగాడు.

పెద్దకోడలు చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నిజంగానే చెమటతో తడిగా ఉంది.

"మేమిద్దరం బాబూ," అంది.

అధికారి ఉత్తర్వులోని ఆ మాటకు చివరి అక్షరం ఒక్కటి దిద్దాడు. సంరక్షకురాళ్ళు అని అయింది.

అతను మెట్లు దిగుతుండగానే లోపల రెండు చుక్కలా, మూడు చుక్కలా అని వాదన మొదలైంది. చాకులు గోరంత జరిగాయి. వాళ్ళిద్దరూ వాటిని చూసి నూనె సీసా అందుకున్నారు.