తాబేలు మౌస్

“ఇది ఆయన మౌస్ కాదు” అందావిడ, గుడ్డసంచిలోంచి దాన్ని తీసి బల్ల మీద పెడుతూ.

బల్ల చుట్టూ ఉన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాన్ని విప్పి, కడిగి, బాగుచేసి, స్వయంగా తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చి వచ్చింది వాళ్ళలో మరమేకు అని అందరూ పిలిచే అతనే. ఇది ఆయనదే, మారిపోయే వీలే లేదు, కావాలంటే బొటనవేలు ఆనించే చోట అరిగిన గుంట చూడండని అతను చెప్పబోయాడు. ఆవిడ మొహం చూశాక మానుకున్నాడు. ఆవిడ పోట్లాటకు రాలేదు. ఏదో పారేసుకున్న మనిషిలా కుర్చీ అంచున కూర్చుంది, అంతే.

ఆ గది కళ్ళజోళ్ళ షాపు పైన ఉంది. ఆదివారం పొద్దున షాపు తెరవరు. అందుకని చిన్న కంప్యూటర్ల పిచ్చి పట్టినవాళ్ళు మేడ మీద చేరతారు. పిచ్చి అన్నది వాళ్ళ మాటే. మంచం కింద పట్టని కంప్యూటర్‌ని అన్నం డబ్బా అంత పెట్టెలో ఇరికించడం, ఇరికించాక అది వేడెక్కి చస్తుంటే ఫ్యాను ఎటు తిప్పాలా అని బుర్రలు బద్దలుకొట్టుకోవడం వాళ్ళ ఆటవిడుపు. షూ పెట్టె కంటే పెద్దది తెస్తే గుమ్మం దాటనివ్వరు. పెట్టెల సంగతి తేలాక మౌసుల దగ్గరికొస్తారు. అక్కడ మాత్రం ఎవరి మాట వారిదే. షాపు యజమాని కళ్ళజోళ్ళాయనది ఒళ్ళంతా చిల్లులున్న తేలికపాటి మౌస్, దాన్ని మిగతావాళ్ళు జల్లెడ అంటారు. లైబ్రరీలో పనిచేసే మేడమ్‌కి మణికట్టు నొప్పి, ఆవిడ బంతి దొర్లించే మౌస్ తప్ప మరొకటి ముట్టదు. లిఫ్టులు బాగుచేసే మరమేకుది ఇనుపముక్కలు కుక్కిన బరువైన మౌస్. పనిచేస్తున్నంతసేపూ పెదాల మధ్య మరమేకులు పట్టుకుని వాటి మధ్యనుంచే మాట్లాడతాడు కాబట్టి అతనికా పేరు. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో.

నాలుగోవాడు తాబేలు. ఊళ్ళో మంచినీళ్ళ గొట్టాలు ఏ వీధి కింద ఎటు పోతున్నాయో మ్యాపులు గీసేవాడు. ఇంట్లో కూర్చునే పని. డిప్పలా పైన గుండ్రంగా వంచిన రేకుపెట్టెలో తన కంప్యూటర్‌ని తనే అమర్చుకుని, దాన్ని వీపు సంచిలో వేసుకుని తిరిగేవాడు. ఆ పేరు పెట్టినందుకు ఏ కోశానా కోపం తెచ్చుకోలేదు. అంత ముచ్చటైన పెట్టె పక్కన అతను పెట్టుకునేది ఏ ఆఫీసు బల్ల మీదైనా కనబడే బూడిదరంగు మౌస్. అందులోనూ దాని ఎడమ బొత్తాం పాడైపోయింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పనిచేసేది. దాన్ని చూసినప్పుడల్లా మరమేకుకి చేతులు దురదపెట్టేవి. లోపల స్విచ్ మార్చేస్తే పోయేదానికి ఎందుకీ అవస్థ అని బతిమాలేవాడు. ఒకసారి తాబేలు చాయ్ తాగడానికి లేస్తే ఇతను స్క్రూడ్రైవర్ తీశాడు కూడా. తాబేలు వెనక్కి వచ్చి, మౌస్‌ని చొక్కా జేబులో వేసుకుని, నవ్వుతూ కూర్చున్నాడు.

“దాని సంగతి నాకు తెలుసు తమ్ముడూ, నా సంగతి దానికి తెలుసు. మా మధ్యకి నువ్వు రాకు.”

ఎండాకాలం మధ్యలో గుండె ఆగి తాబేలు పోయాడు. కొన్నాళ్ళకి అతని భార్య వీపు సంచి పట్టుకుని ఆ మేడమెట్లెక్కింది. కంప్యూటర్ వెలగడం లేదు, మళ్ళీ నడిచేలా చూడండని అడిగింది. పెట్టెతో పాటు సంచిలో ఉన్న మౌస్‌ గురించి ఆవిడ ఏమీ అనలేదు.

ఆ బల్లకొక ఆనవాయితీ ఉంది. దాని మీదికొచ్చిన వస్తువు లోపంతో తిరిగి వెళ్ళకూడదు. ముగ్గురూ ఆ పెట్టెను కన్నబిడ్డలా చూసుకున్నారు. దుమ్ము దులిపారు, పట్టేసిన ఫ్యాను మార్చారు, లోపలి తీగల్ని జడ అల్లినట్టు సర్దారు. మీట నొక్కగానే అది వెలిగితే లైబ్రరీ మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ఇక మిగిలింది మౌస్. ఆవిడని ఒక మాట అడిగితే బాగుంటుందేమోనని మేడమ్ అననే అంది. బాగుచేస్తామంటే వద్దనేవాళ్ళుంటారా అని మరమేకు కొట్టిపారేశాడు. నిజం చెప్పాలంటే అతనికి అడగాలని లేదు. ఇన్నాళ్ళకి అది చేతికి చిక్కింది. బొత్తాల కింది స్విచ్‌లు రెండూ పీకి కొత్తవి పెట్టాడు, అడుగున జారుడు ముక్కలు మార్చాడు, పై డొప్పను సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాడు. పని అయ్యాక నొక్కి చూసుకుంటే బొత్తాం చిటికేసినట్టు పలికింది. చూశావా అన్నా, ఎంత బాగుందో అని మనసులో అనుకున్నాడు కూడా.

ఇప్పుడు ఆ మౌస్ బల్ల మీద శుభ్రంగా మెరుస్తోంది. దాని యజమానురాలు దానివైపు చూడటం లేదు.

ఏం తేడా వచ్చిందో చెప్పమని కళ్ళజోళ్ళాయన మెల్లిగా అడిగాడు. చెప్పడానికి ఆవిడ కొంచెంసేపు ఇబ్బంది పడింది. ఇంత పనిచేసిన వాళ్ళని తప్పుపట్టినట్టు అవుతుందని ఆవిడ బాధ.

“నేను బట్టలు కుడతానండీ. ఉన్నది ఒకటే గది. ఆయన బల్ల ఆ గోడకి, నా మిషను ఈ గోడకి. ఇద్దరం వీపులు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పగలంతా ఆయన మొహం నాకు కనిపించదు, ఆ చప్పుడే. అది వింటే తెలిసిపోయేది నాకు, పని సాగుతోందా లేదా, ఆకలేస్తోందా, విసుగ్గా ఉందా అని. ఆయన పోయాక ఇల్లు మూగబోయింది. కంప్యూటర్ నడిస్తే, మా అమ్మాయి వచ్చినప్పుడు దాని ముందు కూర్చుంటుంది, నేను కుట్టుకుంటూ వినొచ్చు అనుకున్నాను. నిన్న కూర్చోబెట్టాను. ఆ చప్పుడు కాదండీ ఇది. ఎవరింట్లోనో ఉన్నట్టుంది.”

మరమేకుకి తల కొట్టేసినట్టయింది. బతికున్నన్నాళ్ళూ మనిషి వద్దు వద్దంటూనే ఉన్నాడు. చొక్కా జేబులో దాచుకున్నాడు. పోయాక అడ్డుకునేవాడు లేడని తను పనితనం చూపించాడు.

“తప్పు నాదే వదినగారూ” అన్నాడు చివరికి. “ఎవర్నీ అడక్కుండా చేశాను. కడిగిన మురికి తిరిగి తేలేను. పాత స్విచ్ మాత్రం ఇక్కడే ఉంది. వెతికి పెడతాను.”

ఇక్కడే ఉందన్న మాట నిజమే. పీకేసిన భాగాల్ని వాళ్ళు పారేయరు, కిటికీ పక్కనున్న బిస్కెట్ల రేకుడబ్బాలో వేస్తారు. చిక్కేమిటంటే ఏళ్ళ తరబడి అందరి మౌసుల్లోంచి పీకిన స్విచ్‌లూ అందులోనే పడుతున్నాయి. ఒక్కొక్కటీ చిక్కుడుగింజంత ఉంటుంది, అన్నీ నల్లవి, అన్నీ పాడైనవే. ఆవిడ వెళ్ళిపోయాక మరమేకు డబ్బాని తెల్లటి గుడ్డ మీద బోర్లించి, ఆ కుప్పని చూసి బుర్ర గోక్కున్నాడు. మీటరు పెట్టి చూసినా లాభం లేదు, అన్నీ ఒకేలా తడబడతాయి.

దారి చూపించింది కళ్ళజోళ్ళాయన. అద్దాలు అరగదీసి అరగదీసి ఆయన కన్ను అరుగుదలనే వెతుకుతుంది. మౌస్ డొప్ప తీసి ఎడమ బొత్తాం అడుగున ఉన్న చిన్న ముల్లును భూతద్దంలో చూశాడు. ముల్లు ఒక పక్కకే అరిగింది. తాబేలు వేలికొనతో కాక వేలి అంచుతో, కుడివైపుకి వాలి నొక్కేవాడన్నమాట. ఆ ముల్లు ఆనే స్విచ్ మీది బుడిపె కూడా ఆ పక్కకే అరిగి ఉండాలి. మేడమ్ ఒక్కొక్కటీ పట్టకారుతో అందిస్తుంటే ఆయన చూసి పక్కన పెడుతూ పోయాడు. గుడ్డ మీద కుప్ప తరిగి, రెండో వైపు పెరిగింది. ఆదివారం భోజనాల వేళ దాటిపోయింది. కళ్ళజోళ్ళాయన ఒకదాని దగ్గర ఆగి, భూతద్దం మరమేకు చేతికిచ్చాడు. బుడిపె కుడివైపుకి, గోకినట్టు, ఏటవాలుగా అరిగి ఉంది. మరమేకుకి ప్రాణం లేచొచ్చింది.

అక్కడే కూర్చుని కొత్త స్విచ్ తీసేసి, పాతదానికి టంకం పెట్టాడు. బిగించి కంప్యూటర్‌కి తగిలించి నొక్కితే ఒక్క నొక్కుకి తెర మీద రెండు కిటికీలు తెరుచుకున్నాయి. పాత జబ్బు చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. మేడమ్ ఆ తెరవైపే చాలాసేపు చూసింది. ఈ బల్ల మీదనుంచి లోపంతో వెళ్తున్న మొదటి వస్తువు ఇదేనంది.

మర్నాడు సాయంత్రం మరమేకు ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ చెప్పినట్టే ఒకటే గది. ఒక గోడకి కుట్టుమిషను, దాని ముందు సగం కుట్టిన లంగా. ఎదుటి గోడకి తాబేలు బల్ల, మీద డిప్ప కంప్యూటర్, గోడకి అతను గీసిన గొట్టాల మ్యాపు. కుర్చీ మీద మెత్త ఒకవైపు అణిగి ఉంది. అందులో కూర్చోవడానికి మరమేకుకి మనసొప్పలేదు, నిలబడే మౌస్ తగిలించాడు. ఆవిడ వెళ్ళి మిషను ముందు అటు తిరిగి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అతను నొక్కాడు.

మళ్ళీ నొక్కాడు. కాస్త మెల్లిగా, కాస్త గట్టిగా, వేలి అంచుతో కూడా నొక్కి చూశాడు. ఆవిడ వీపు కదల్లేదు. చివరికి ఇటు తిరిగింది. కాస్త దగ్గరగా ఉంది, కానీ అది కాదంది. అతను శ్రమపడ్డందుకు పదే పదే థాంక్స్ చెప్పింది. ఆ థాంక్స్ అతనికి తిట్లకంటే ఎక్కువ తగిలాయి. అదే మౌస్, అదే స్విచ్, బుడిపె మీద అదే అరుగుదల. ఇంకేం తేవాలి తను? ఎక్కణ్ణుంచి తేవాలి?

చీకటి పడకముందే వెళ్ళండి, కంప్యూటర్ నేను ఆపుకుంటాను అంటూ ఆవిడ లేచొచ్చి భర్త కుర్చీలో కూర్చుంది. ఆపేముందు ఆయన చివరగా గీసిన మ్యాపు ఒకసారి చూడాలనిపించినట్టుంది, తెర మీద దాని బొమ్మ దగ్గరికి బాణాన్ని తీసుకెళ్ళి నొక్కింది. మ్యాపు రెండుసార్లు తెరుచుకుంది. ఒకటి మూసింది, దాంతో పాటు రెండోదీ మూసుకుపోయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ రెండు.

“నా చేతికి లొంగదిది” అంది. “ఆయనకెలా లొంగేదో.”

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న మరమేకు ఆగిపోయాడు. ఎలా లొంగేదో అతనికి తెలుసు. ఏళ్ళ తరబడి మేడ మీది బల్లకి ఎదుటివైపు కూర్చుని, పళ్ళు నూరుకుంటూ చూసిన విషయం అది. అతని దృష్టంతా లోపం మీదే ఉండేది, ఆ లోపంతో అన్న వేలు ఎలా సర్దుకుపోయిందో చూస్తూ కూడా పట్టించుకోలేదు. ఇందాక తను నొక్కింది మెకానిక్కు స్విచ్‌ని పరీక్షించే నొక్కుడు. ఈ మౌస్‌తో ఎవరూ పనిచేసే నొక్కుడు కాదు.

చెప్పులు వదిలేసి లోపలికొచ్చాడు.

“టక్కున నొక్కి వదిలేయకండి వదినగారూ. లోపలికంటా నొక్కండి. నొక్కి పట్టుకోండి. అది తడబడటం ఆగేదాకా ఆగాలి. ఇప్పుడు ఒక్కసారిగా వదలండి.”

ఆవిడ నొక్కింది. పట్టుకుంది. వదిలింది. మొదట మెత్తగా, లోతుగా ఒక చప్పుడు. చిన్న ఆగుడు. తర్వాత పొడిగా ఇంకొకటి. మ్యాపు ఒక్కటే తెరుచుకుంది.

ఆవిడ వేలు బొత్తాం మీదే ఉండిపోయింది. రెండో చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. కాసేపటికి ఆవిడ మళ్ళీ నొక్కింది. మ్యాపు మీద ఒక వీధి ఎంచుకుంది, గొట్టం రంగు మారింది. పక్క వీధి. ఆ తర్వాతది. ఒకచోట తొందరపడితే రెండు నొక్కులు పడి బొమ్మ చెదిరింది, చిన్నగా విసుక్కుని సరిచేసుకుంది. తొందరపడనివ్వదు ఆ మౌస్. ఎవరు పట్టుకున్నా తాబేలు వేగానికే తెచ్చి కూర్చోబెడుతుంది.

“మీరలా కూర్చోండి” అందావిడ, తల తిప్పకుండా. “నా మిషను దగ్గర. అటు తిరిగి.”

మరమేకు వెళ్ళి కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ, సూది కింద ఆగిపోయిన లంగా అంచు. వెనకనుంచి చప్పుడు వస్తోంది. లోతుగా ఒకటి, ఆగుడు, పొడిగా ఒకటి. అన్ని ఆదివారాలు ఎదురెదురుగా కూర్చున్నా దాన్నెప్పుడూ ఇటువైపునుంచి వినలేదతను. తిరిగి చూస్తే అన్న ఉండడని తెలుసు. అందుకే తిరగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే రుమాలు బదులు నాలుగు మరమేకులు తగిలాయి.

“ఎలా ఉంది?” అని అడిగిందావిడ.



“పని సాగుతున్నట్టే ఉంది వదినగారూ” అన్నాడు.