చివరికి రెండో రీలు

టాకీలు వచ్చి పదిహేనేళ్లయినా, చిత్తూరులో మునిరత్నం సినిమా డేరాకు చవగ్గా దొరికిన మూకీలు అప్పుడప్పుడూ వస్తూనే ఉండేవి. అలాంటప్పుడు తెర పక్కన బెత్తం పట్టుకుని కథ చెప్పడానికి వలి బాషా కావాలి. అరవై దాటినా మైకు లేకుండా డేరా చివరి గుంజ దాకా వినిపించే గొంతు ఆయనది. ఆ ముసలాయనకున్న ఆస్తల్లా ఆ గొంతే.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు వచ్చింది ప్యారిస్ కూలీల కథ. డెబ్బై అయిదేళ్ల కిందట ఆ ఊళ్లో చెప్పులు కుట్టేవాళ్లూ బట్టలుతికేవాళ్లూ దొరల్ని తరిమేసి, డెబ్బై రెండు రోజులు తమ ఊరిని తామే ఏలుకున్నారు. తర్వాత పటాలం వచ్చి వాళ్లను గోడకు నిలబెట్టి కాల్చేసింది. రీళ్ల పెట్టెతో వచ్చిన కథ కాగితాన్ని బడిపంతులు చేత మూడుసార్లు చదివించుకున్నాడు వలి బాషా. ముందుగా వేసి చూసినప్పుడు, బట్టలుతికే ఆవిడ వీధికి అడ్డంగా పేర్చిన బండ్ల మీదికెక్కి నవ్వే చోట ఆయనకు ఒళ్లు పులకరించింది. ఏం మనిషి! ఏం గుండె!

మునిరత్నానికి మాత్రం ఆ గోడ ముగింపు నచ్చలేదు. ఏడిపించి పంపితే జనం మళ్లీ రారని ఆయన భయం. ఆయన డేరాలో ఏ ఆటైనా నవ్వుతో ముగిసి, తెర మీద ‘శుభం’ స్లైడు పడాల్సిందే.

"వాళ్లు గెలిసేది రెండో రీల్లో ఉండాది. దాన్ని కడాకు ఏస్తాం. గోడ రీలు ముందే పోతాది," అన్నాడు. "సచ్చినోళ్లు దేవుడి దయతో లేసినారని నువ్వు చెప్పల్ల బాషా. కాదంటే రేపట్నుంచి రావద్దు."

ఆ సాయంత్రం డేరా నిండా బీడీలు చుట్టే ఆడవాళ్లే. గోడ ముందు ఆవిడ కూలిపోగానే కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రీలు మారింది. అదే ఆవిడ బండ్ల మీద నిలబడి నవ్వుతోంది.

"ఆయమ్మ లేసొచ్చినాది!" అని అరిచింది ముందు వరసలో ఇసుకలో కూర్చున్న గంగులమ్మ. డేరా అంతా చప్పట్లు.

అవునని ఒక్క మాటంటే బతుకుతెరువు నిలబడుతుంది. వలి బాషా ఆ నవ్వుముఖం వంక చూశాడు. ఆవిడ ముందు నిలబడి అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"లేయలేదమ్మా. సచ్చిపోయినాది, మీరే సూసినారు కదా. ఇది అంతకు ముందర జరిగినాది. ఊరు తమ చేతికొచ్చిన దినం నవ్వినాది. గోడ సంగతి ఆమెకి తెలీదు, మనకు తెలుసు. ఆ నవ్వు బాగా సూడండి."

చప్పట్లు ఆగిపోయాయి. బెత్తంతో తెర మీద ఒక్కొక్కరినే చూపించాడు. ఆ ముసలాయన, ఆ చెప్పులు కుట్టే అతను, అందరూ ఇందాక గోడ దగ్గర పడిపోయినవాళ్లే. రీలు అయిపోయి ‘శుభం’ పడింది. అది పడగానే ఇసుక దులుపుకుని లేవడం జనానికి అలవాటు. ఆరోజు ఒక్కరూ లేవలేదు. వలి బాషా బెత్తం చంకలో పెట్టుకుని, ఇక ఇక్కడ తన పని పోయినట్టేనని బయటికి నడిచాడు.

"ఆయమ్మకి శుభం యాడిదప్పా? తీసేయండి దాన్ని," అంది గంగులమ్మ వెక్కుతూ.

మునిరత్నం తన చేత్తోనే స్లైడు లాగేసి, గబగబా వెళ్లి వలి బాషాను గుంజ దగ్గర ఆపాడు.

"రేపూ రీళ్లు ఇదే వరస బాషా," అన్నాడు ఇంకా లేవని జనాన్ని చూపిస్తూ. "మాటలూ ఇయ్యే."