ఏదీ తాగని నేల

తొట్టెల ఫంక్షన్ నాడు ఆ రభస జరక్కపోయి ఉంటే లింగస్వామి తన వ్యాన్‌ను మార్చే జోలికి పోయేవాడే కాదు.

అల్మాస్‌గూడలో తమ్ముడు సైదులు మనవరాలిని తొట్టెలలో వేస్తున్నారు. లింగస్వామికీ పిలుపు వచ్చింది. పిలిస్తే వెళ్లకుండా ఉండే మనిషి కాడు, అసలు పిలిచేవాళ్లే తక్కువ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్మన్‌ఘాట్‌లో ఇన్ని జిలేబీలు కట్టించుకుని వెళ్లి వ్యాన్‌ను షామియానా పక్కన ఆపాడు. గుమ్మంలో సైదులు అత్త కిష్టమ్మ కూర్చుని ఉంది. చూపు సగమే ఉన్న ముసలమ్మ ఆ తెల్ల ఓమ్ని వ్యాన్‌ను మాత్రం పూర్తిగా గుర్తుపట్టింది. "ఎవలు పోయిండ్రు నాయినా" అంటూ గుండెలు బాదుకుని శోకం అందుకుంది. ఆమెను చూసి లోపల ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఎవరూ పోలేదని, పిల్ల తొట్టెల్లో నవ్వుతూనే ఉందని నచ్చజెప్పేసరికి వంటవాడి బగారన్నం అడుగంటింది.

ముసలమ్మను అనడానికి లేదు. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ దవాఖానాల్లో ప్రాణం పోయినవాళ్లను నల్లగొండ వైపు ఊళ్లకు చేర్చడమే ఆ వ్యాన్ ఏళ్ల తరబడి చేస్తున్న పని. వెనక సీట్లు తీసేసి ఇనుప స్ట్రెచర్ పెట్టించాడు. అద్దం మీద 'అంతిమయాత్ర వాహనం' అని నీలం అక్షరాలు, కింద ఫోన్ నంబరు. అవసరం పడ్డ రోజున జనం ఆ నంబరు కోసం పదిమందిని అడుగుతారు, పని అయిపోయాక ఫోన్‌లోంచి తీసేస్తారు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరని సామెత. సామెత చెప్పినవాళ్లకైనా ఆ మోసేవాడు బంతిలో పక్కన కూర్చుంటే ముద్ద దిగదు.

పెళ్లాం రెండేళ్లు ఓర్చుకుంది. వ్యాన్ దిగిన ప్రతిసారీ వాకిట్లో స్నానం చేయించి గానీ లోపలికి రానిచ్చేది కాదు. తర్వాత నకిరేకల్‌లోని పుట్టింటికి పోయింది, మళ్లీ రాలేదు. ఆమెనూ అనడానికి లేదు. లింగస్వామికి అనడానికి ఎవరూ దొరకరు, అదే వచ్చిన చిక్కు.

ఫంక్షన్‌లో ఒక మూల కూర్చుని తిన్నాడు. చేయి కడుక్కుంటుంటే సైదులు పక్కకు వచ్చాడు. "ఏమనుకోకు అన్నా. మల్లోసారి ఒచ్చేటప్పుడు బస్సుల రా" అన్నాడు. మెల్లగా, మర్యాదగానే అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది లింగస్వామికి. ఎల్బీ నగర్‌లోని ఇంటిదాకా ఒక్కడే నడుపుకుంటూ వచ్చి, గది తాళం తీయబుద్ధి కాక చాలాసేపు స్టీరింగ్ ముందే కూర్చున్నాడు. తనను తెలిసినవాళ్లు వందల్లో ఉన్నారు. ఒక్కరూ తనను మళ్లీ చూడాలని కోరుకోరు. ఆ సంగతి అతనికి ఎప్పుడూ తెలుసు, ఆ రోజు మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

మర్నాడే చాయ్ హోటల్ భిక్షపతితో పని మారుస్తానన్నాడు. భిక్షపతికి అందరి సంగతులూ తెలుసు. కర్మన్‌ఘాట్‌లో విజయశ్రీ అని ఒకామె ఉంది, మొగుడు పోయాక జొన్నరొట్టెలు, కూరలు చేయించి దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టళ్లకు పంపుతోంది, రెండు పూటలా గిన్నెలు మోసే బండి కోసం చూస్తోంది అని చెప్పి, తన ఫోన్‌లోంచే కలిపి ఇచ్చాడు. ఆమె ఒక్కటే అడిగింది, బండి శుభ్రంగా ఉంటుందా, తినే వస్తువులు కదా అని. ఉంటుందన్నాడు లింగస్వామి. ఇదివరకు ఏం మోసేవాడివని అడిగితే ఇంటి సామాన్లు అన్నాడు. అబద్ధం ఆడడం కొత్త కాబట్టి చెవులు వేడెక్కాయి. సోమవారం బండి తీసుకురా, చూసి చెప్తానంది.

అతనికి కావలసింది రాబడి కాదు. ఆ పాత పనిలో రాబడికి లోటు లేదు, జనం చావడం మానరు. పొద్దున్నే ఒకరు తన కోసం చూడాలి, ఇంకా రాలేదేంది అని ఫోన్ చేయాలి, వ్యాన్ ఆగగానే ఎవరూ ఏడవకూడదు. కోరిందల్లా ఇంతే.

నీలం అక్షరాలు బ్లేడుతో గీకేశాడు. స్ట్రెచర్ పాతసామాన్లవాడికి వేశాడు. మిగిలింది కింద కార్పెట్. వ్యాన్ కొన్ననాటి నుంచీ ఉన్నదే, పైన రెక్సిన్ పరిచి నెట్టుకొచ్చాడు. ఎన్ని అగరొత్తులు వెలిగించినా దాని వాసన దానిదే. పైన పటారం లోన లొటారం. కొత్త కార్పెట్ వేయిద్దామని దిల్‌సుఖ్‌నగర్‌లో సీటు కవర్లు కుట్టే మహిపాల్ షాపుకు తీసుకుపోయాడు.

మహిపాల్ మాటకారి. గిన్నెలు మోసే బండికి కార్పెట్ ఏందని నవ్వాడు. పప్పు ఒలికితే కార్పెట్ తాగుతుంది, నీళ్లు పడితే తాగుతుంది, కింద రేకు తుప్పు పట్టేదాకా తాగుతూనే ఉంటుంది. దాన్ని పీకేసి నేలకు కోటింగ్ కొట్టించుకో అన్నాడు. రబ్బరులా గట్టిపడే నల్లటి మందు, గన్నుతో రెండు దఫాలు కొడితే రేకుకు అంటుకుపోతుంది, గిన్నె జారదు, గీత పడదు. "పైపు పెట్టి కడుక్కోవచ్చన్నా. గిది ఏదీ తాగది" అన్నాడు. ఆ చివరి మాట లింగస్వామికి బాగా నచ్చింది.

పనివాళ్లిద్దరు ముందు సీట్లు విప్పి, వెనక మూల దగ్గర కార్పెట్ పట్టి లేపారు. లేపి వదిలేశారు. కింద రేకంతా గులాల్ మరకలు. దాంట్లో అతుక్కుపోయిన పేలాలు, ఎండిన బంతిరేకులు, ఒక కర్పూరం బిళ్ల. శవం మీద చల్లినవి అంచుల్లోంచి దిగి ఏళ్లుగా అక్కడ పోగుపడ్డాయి. ఒకడు చేతులు కడుక్కోవడానికి పోయాడు, రెండోవాడికి ఎక్కడో అర్జెంటు పని గుర్తొచ్చింది.

మహిపాల్ చెడ్డవాడు కాదు. కాసేపు తల గోక్కుని, "అన్నా, నా పని నేను చేసిస్త. గది మాత్రం నువ్వే తియ్యి" అన్నాడు.

లింగస్వామి తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని, అంచుల దగ్గర కత్తితో కోసి, కింది ఫెల్ట్‌తో సహా పేగులు లాగినట్టు లాగాడు. నడిరోడ్డు పక్కన, బస్సులు, కోచింగ్ పిల్లలు, పండ్ల బండ్లు అటూ ఇటూ పోతుంటే, ఆ షాపు ముందు పది అడుగుల మేర ఒక్క మనిషీ నిలబడలేదు. పేలాలు చేత్తోనే ఏరాడు. కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందనుకుందామంటే అనుకోనివ్వలేదు మనసు. ఆ కార్పెట్‌ను చెత్తబండిలో వేయబుద్ధి కాలేదు. చుట్టచుట్టి తీసుకుపోయి శ్మశానం కాపలాదారుకు ఇచ్చి వచ్చాడు. అతనొక్కడే ఏమిటని అడగకుండా తీసుకున్నాడు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. రేకు కడిగారు, తుప్పును ఇనుప బ్రష్‌తో రుద్దారు, థిన్నర్‌తో తుడిచారు, తలుపులకు పేపర్లు అంటించి గన్ను పట్టారు. ఘాటుకు లింగస్వామి అవతలి ఫుట్‌పాత్ మీదికి పోయి నిలబడ్డాడు. నలుపు పొరలు పొరలుగా దిగి గులాల్ మరకలన్నింటినీ కప్పేసింది. ఆరాక చేత్తో తడిమితే గరుకుగా, గట్టిగా తగిలింది. చెంబెడు నీళ్లు పోసి చూశాడు. నీళ్లు పూసల్లా నిలిచి, తలుపు వైపు జారిపోయాయి. ఆ మధ్యాహ్నం అతను తన వ్యాన్‌లో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పి అన్నం తిన్నాడు. ఇన్నేళ్లలో ఆ బండిలో ముద్ద నోట్లో పెట్టుకోవడం అదే మొదలు.

సోమవారం విజయశ్రీ ఇంటికి వెళ్లేసరికి రేకుల షెడ్డు కింద నలుగురు ఆడవాళ్లు రొట్టెలు చరుస్తున్నారు. విజయశ్రీ నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా పిండి. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. వ్యాన్ వెనక తలుపు తెరిపించి, వంగి వాసన చూసింది. గోరుతో నల్లనేల గీకింది. మగ్గుతో నీళ్లు పోసి జారిపోయేదాకా చూసింది. మంచిగుందంది. లింగస్వామి గుండె కుదుటపడింది. రేపటి నుంచే రమ్మంది. పప్పు గిన్నెలు కదిలి ఒలికితే హాస్టల్ వాళ్లు గొడవ చేస్తారని, జాగ్రత్త అని చెప్పింది.

"రంది పడకు అమ్మా. కుదుపు లేకుంట తీస్కపోత" అన్నాడు లింగస్వామి. అంటూనే వెనక తలుపు దించాడు.

ఓమ్ని వెనక తలుపును ఎవరైనా దభీమని వేస్తారు, లేకపోతే పడదు. లింగస్వామి అలా వేయడు. అది పడ్డ చప్పుడుకు ఇంటివాళ్లు ఉలిక్కిపడి మళ్లీ ఏడుపందుకోవడం చూసి చూసి, రెండు అరచేతులతో నొక్కి పట్టి, చిన్నగా టక్కుమనే దాకా నెమ్మదిగా అదిమి మూయడం అలవాటు చేసుకున్నాడు. మూసే ముందు ఇంటివాళ్లతో అనే మాట కూడా ప్రతిసారీ ఈ కుదుపు మాటే. నేలకు కోటింగ్ కొట్టించాడు గానీ చేతులకు, నోటికి కొట్టించలేదు కదా.

విజయశ్రీ చేతిలో మగ్గు అలాగే ఉండిపోయింది. అతని ముఖం కేసి చూసింది. లోపలికి వెళ్లింది. ఎంతకూ రాలేదు. రొట్టెల చప్పుడు మాత్రం వినబడుతోంది. బయటికి వచ్చినప్పుడు చేతులకు పిండి లేదు, ముఖం కడుక్కుని ఉంది.

"మా ఆయన్ని ఊరికి తీస్కపోయింది నువ్వే" అంది.

కాదనవచ్చు. ఆ దారిన ఇంకో పది వ్యాన్లు తిరుగుతాయి. కానీ మొదటి అబద్ధం బరువే ఇంకా దిగలేదు. "అయ్యుంటదమ్మా. ఏ ఊరు?" అన్నాడు తల దించుకుని.

చిట్యాల దాటాక లోపలి ఊరని చెప్పింది. భర్త పేరు మట్టయ్య అంది. ఆ రోజు ఆ తలుపు మూతపడగానే ఆమె స్పృహ తప్పితే అన్నలు కార్లో వేసి ముందుగా తీసుకుపోయారు. మరిది వ్యాన్‌లో కూర్చుంటానన్నవాడు ఎల్బీ నగర్ దాకా వచ్చి, ఉక్కపోతకు తాళలేక దిగి వెనక వస్తున్న ఇంకో కారెక్కాడు. ఆ సంగతి ఆమెకు నెల మాసికం నాడు తెలిసింది. బతికినన్నాళ్లూ ఒంటరిగా సినిమాకు కూడా పోని మనిషి, చివరి దారి ఒక్కడే పోయాడే అని అప్పట్నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"నువ్వు మంచోనివే అన్నా. కని రోజూ పొద్దుగాల నువ్వొచ్చి ఆ తలుపు ఏస్తుంటె నా తోని కాదు" అంది.

లింగస్వామి తలూపాడు. బండి తాళాలు జేబులోంచి తీశాడు. అప్పుడు ఆమె అడిగింది, గొంతు తగ్గించి. "దారిల ఆయన దగ్గర ఎవ్వరన్న కూసున్నరా?"

ఎవరికీ చెప్పని మాట అతను అప్పుడు చెప్పాడు. తోడు ఎవరూ లేకపోతే, పోయినవాళ్ల పేరు ముందే అడిగి తెలుసుకుని, తాను మాట్లాడుతూ నడుపుతాడు. పెద్ద మాటలేమీ కావు. ఏ ఊరు దాటుతున్నదీ చెప్తాడు. ఇంటికి పోయే మనిషికి ఎక్కడిదాకా వచ్చామో తెలియాలి కదా. "పిచ్చోడంటరని ఎవ్వరికీ చెప్పలేదమ్మా. ఒక్కన్నే పోతుంటే నాకూ భయమైతది" అన్నాడు.

ఆమె షెడ్డులోని ఆడవాళ్లకు పని అప్పగించింది. తర్వాత కొంగు సర్దుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "పెద్ద అంబర్‌పేట దాక తీస్కపో. ఆయనకు చెప్పినట్లే చెప్పు" అంది.

మధ్యాహ్నపు ఎండలో బయల్దేరారు. లింగస్వామికి సిగ్గేసింది. వినేవాళ్లుండగా చెప్పడం అతనికి చేతకాదు. రెండుసార్లు గొంతు సవరించుకుని, "ఎల్బీ నగర్ దాటినం, మట్టయ్యన్నా" అన్నాడు.

"ఊ" అంది విజయశ్రీ, రోడ్డు కేసి చూస్తూ.

అతని కాలు బ్రేకు మీదికి పోయింది. ఆ వ్యాన్‌లో ఎవరూ ఎప్పుడూ ఊ కొట్టలేదు. ఆపకు, చెప్పమంది ఆమె. చెప్పాడు. చింతలకుంట అన్నాడు, పనామా చౌరస్తా అన్నాడు, హయత్‌నగర్ బస్‌స్టాండ్ అన్నాడు. ప్రతిదానికీ ఆమె భర్త తరఫున ఊ కొట్టింది. పెద్ద అంబర్‌పేట వచ్చేసరికి ఆమె చెంపల మీద కన్నీళ్లు ధారగా ఉన్నాయి గానీ ముఖం తేటపడింది. లింగస్వామి వంతెన కింద బండి తిప్పాడు.

తిరుగు దారిలో కొంతదూరం వచ్చాక ఆమె అడిగింది. "ఒచ్చేటప్పుడు ఎవరికి చెప్తవు?"

"ఎవ్వరు లేరు గదమ్మా. ఒక్కన్నే ఒస్త."

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. అతని పేరు మళ్లీ ఒకసారి అడిగితే చెప్పాడు. కిటికీలోంచి బోర్డులు చూడటం మొదలుపెట్టింది.

"హయత్‌నగర్ దాటినం, లింగస్వామన్నా" అంది.

అతను తల తిప్పలేదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, "ఊ" అన్నాడు.

రేపు ఈమె ఇంకో బండి చూసుకుంటుంది. తాను ఇంకో ఇంటికి పోయి ఈ నల్లనేల చూపించుకోవాలి. ఆ రెండూ అతనికి తెలుసు. ఆమె మాత్రం ఒక్క చోటూ వదలకుండా పనామా చెప్పింది, చింతలకుంట చెప్పింది. ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఆగాయి.

"ఎల్బీ నగర్ ఒచ్చింది, లింగస్వామన్నా. ఇంటికొచ్చినం" అంది.

ఊ అందామనుకున్నాడు. సిగ్నల్ పచ్చబడినా అతని కాలు బ్రేకు మీదే ఉండిపోయింది.